ఇనుము వెంట వచ్చిన అనుమానం

2014 జులై 25. గ్లాస్గోలో కామన్వెల్త్ క్రీడలు, మహిళల వెయిట్‌లిఫ్టింగ్, 53 కిలోల విభాగం. నైజీరియా నుంచి వచ్చిన చికా అమలాహాకు పదహారేళ్లు. స్నాచ్‌లో 85, క్లీన్ అండ్ జర్క్‌లో 111, మొత్తం 196 కిలోలు ఎత్తేసింది. ఇంత చిన్న వయసులో కామన్వెల్త్ బంగారం గెలిచిన మహిళా లిఫ్టర్ మరొకరు లేరని పత్రికలు మురిసిపోయాయి. రెండో స్థానం పపువా న్యూ గినీ లిఫ్టర్ డికా తౌవాది, 193 కిలోలు. మూడో మెట్టు మీద కంచు పతకంతో నిలబడింది మత్స సంతోషి, 188 కిలోలు. ఊరు కొండవెలగాడ, మండలం నెల్లిమర్ల, జిల్లా విజయనగరం.

నాలుగు రోజులకే లెక్క తిరగబడింది. అమలాహా మూత్ర నమూనాలో అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్ అనే రెండు మందుల ఆనవాళ్లు దొరికాయని నిర్వాహకులు ప్రకటించారు. అదే నమూనాలోని రెండో సీసా తెరిచినా అదే ఫలితం. ఆగస్టు 1న బంగారం వెనక్కి తీసుకున్నారు. అది తౌవాకు వెళ్లింది, సంతోషికి రజతం వచ్చింది, పతకం లేకుండా నాలుగో స్థానంలో ఆగిపోయిన మరో భారత లిఫ్టర్ స్వాతి సింగ్‌కు కంచు దక్కింది.

ఆ రోజు ఆ వేదిక మీద ఎవరిని చూస్తే అనుమానం కలగాలి? లోకరీతి ప్రకారమైతే తౌవాను చూస్తే. ఆమెకప్పటికి ముప్పై ఏళ్లు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ మొదలైనప్పుడు అందరికన్నా ముందు బార్‌బెల్ ఎత్తిన మనిషి ఆమే. పద్నాలుగేళ్ల తర్వాత, సాటివాళ్లు చాలామంది రిటైరైపోయాక, ఇంకా పతకాల మెట్టు మీద కనిపిస్తే కనుబొమలు ముడిపడతాయి. కానీ దొరికింది ఆవిడ కాదు, అందరూ ముద్దుచేసిన పదహారేళ్ల పిల్ల. వయసును చూసి అనుమానించే కన్ను ఆ సాయంత్రం నూటికి నూరుపాళ్లూ తప్పింది.

ఈ అనుమానం అన్నిటికన్నా గట్టిగా వినిపించేది మారథాన్‌లో. 42.195 కిలోమీటర్ల పరుగులో పిచ్ తిరగదు, అంపైరు వేలెత్తడు. ఒక మనిషి నిరుటికన్నా ఈ ఏడు నాలుగు నిమిషాలు ముందొస్తే ఆ నాలుగు నిమిషాలు ఎక్కడివని అడిగేవాళ్లు ఉంటారు. 2024 అక్టోబరు 13న షికాగోలో కెన్యా పరుగుల రాణి రూత్ చెప్‌న్‌గెటిచ్ 2 గంటల 9 నిమిషాల 56 సెకన్లలో గీత దాటింది. 2 గంటల 10 నిమిషాల లోపు మారథాన్ పూర్తిచేసిన మొదటి మహిళ. అంతకు ముందు ప్రపంచ రికార్డు టిగస్ట్ అసెఫాది, 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లు. చెప్‌న్‌గెటిచ్ సొంత రికార్డు 2 గంటల 14 నిమిషాల 18 సెకన్లు. ముప్పై ఏళ్ల వయసులో సొంత రికార్డులోంచే నాలుగు నిమిషాలకు పైగా కోసేసింది. పరుగు ముగిసిన గదిలోనే విలేకరులు ఆ ప్రశ్న అడిగేశారు.

2025 మార్చి 14న ఆమె దగ్గర తీసుకున్న నమూనాలో దొరికింది హైడ్రోక్లోరోథయాజైడ్. గ్లాస్గోలో సంతోషి పతకం రంగు మార్చిన మందే. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటితే చెప్పాల్సిన చోట ఆమె నమూనాలో 3,800 తేలింది. ముందు కారణం తెలియదన్న మనిషి, తర్వాత ఒంట్లో బాగోలేక ఇంట్లో పనిచేసే మనిషి మాత్ర వేసుకున్నానంది. మూడేళ్ల నిషేధం పడింది. అయితే షికాగో పరుగు ఆ నమూనాకు ముందుది కాబట్టి ఆ రికార్డు ఇప్పటికీ పుస్తకంలోనే ఉంది. అనుమానించినవాళ్లు గెలిచారా ఓడారా అంటే చెప్పడం కష్టం. వాళ్లు అనుమానించిన పరుగు వేరు, దొరికిన రోజు వేరు.

ఈ హైడ్రోక్లోరోథయాజైడ్ పేరు నోరు తిరగదు గానీ మన ఇళ్లకు కొత్త కాదు. రక్తపోటుకు డాక్టర్లు దశాబ్దాలుగా రాస్తున్న మాత్రల్లో ఇదొకటి. చాలా మాత్రల్లో వేరే మందుతో కలిపి వస్తుంది. ఒంట్లో నీటిని మూత్రంగా తోసేస్తుంది. దాంతో రెండు పనులు జరుగుతాయి. బరువు తూగేవేళకు కిలో, రెండు కిలోలు తగ్గి కింది విభాగంలో దిగొచ్చు. మూత్రం పలచబడి వేరే మందు ఏదైనా ఉంటే దాని జాడ మసకబడుతుంది. కండ పెంచే గుణం దానికి లేదు. అందుకే దొంగతనానికి కన్నా దొంగతనం కప్పిపుచ్చడానికి వాడే మందుగా నిషేధ జాబితాలో కూర్చుంది.

మారథాన్‌లోనే మరో లెక్క చూడండి. 2021 అక్టోబరు 11న బోస్టన్‌లో మహిళల పరుగు గెలిచింది డయానా కిప్యోకెయ్, ఇరవై ఏడేళ్లు. ఆమె వెనక రెండో స్థానంలో వచ్చిన ఎడ్నా కిప్లగట్‌కు అప్పటికే నలభై దాటాయి. ఆ వయసులో బోస్టన్ లాంటి పరుగులో రెండో స్థానమా అని నోరు నొక్కుకున్నవాళ్లు ఎందరో. మరుసటి ఏడాది కిప్యోకెయ్ నమూనాలో ట్రయామ్సినలోన్ అనే నిషేధిత మందు బయటపడి ఆమె పేరు చెరిపేశారు. విజేత కిప్లగట్. నలభై దాటిన మనిషి కడిగిన ముత్యం, ముప్పై నిండని మనిషి దోషి. గ్లాస్గోలో తౌవాకు జరిగిందే.

అలాగని అనుమానించే కన్నుకు ఎప్పుడూ చత్వారమే అని తీర్పు చెప్పలేం. బిడ్డను కన్నాక తిరిగొచ్చి, ముప్పై దాటాక బోస్టన్, షికాగో పరుగులు వరసపెట్టి గెలిచిన రీటా జెప్టూ 2014లో ఎర్ర రక్తకణాలు పెంచే ఇ.పి.ఓ. అనే మందు వాడి దొరికిపోయింది. మరోపక్క పోర్చుగల్ కార్లోస్ లోపెస్ 37 ఏళ్లకు 1984 ఒలింపిక్ మారథాన్ గెలిచి, 38 ఏళ్లకు 1985లో రోటర్‌డామ్‌లో ప్రపంచ రికార్డు పెట్టాడు. ఎలియుడ్ కిప్చోగే 2022లో బెర్లిన్‌లో 2 గంటల 1 నిమిషం 9 సెకన్ల రికార్డు పెట్టేనాటికి 37. వయసు ఒక్కటే సాక్ష్యమైతే వీళ్లందరినీ ఒకే బోనులో నిలబెట్టాలి.

ఉత్తరాంధ్రలో మారథాన్ కన్నా బరువుకే గౌరవం ఎక్కువ. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంక్రాంతికీ అమ్మవారి పండక్కీ సంగిడి రాయి ఎత్తే పోటీలు తరతరాలుగా ఉన్నాయి. ఊరి మధ్య దుమ్ములో రాయి పడి ఉంటుంది. కుర్రాడు తలపాగా బిగించి, అరచేతులకు మన్ను రాసుకుని, రాయిని ముందు మోకాళ్ల మీదికి, తర్వాత ఛాతీ మీదికి, ఆపైన తలమీదికి తెస్తాడు. అక్కడ మోసానికి చోటు లేదు. రాయి ఊరిది, బరువు ఊరందరికీ తెలుసు. రాత్రి ఏం తిన్నాడో, ఎవరింట్లో తిన్నాడో కూడా తెలుసు.

సందేహం మొదలైంది బలం ఊరు దాటి టిక్కెట్టు ఆటగా మారినప్పుడు. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో పెరిగి, మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, చివరికి సర్కస్ పెట్టాడు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచడం, రొమ్ము మీద ఏనుగును నిలపడం, రెండు మోటారు కార్లను తాళ్లతో పట్టి ఆపడం ఆయన ప్రదర్శనలు. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. ఆయన శాకాహారి. బలానికి మూలం ప్రాణాయామమని చెప్పేవాడు. గొలుసు అసలుదా, కోసి అతికించినదా అనే ప్రశ్న సర్కస్ బలానికి పుట్టుమచ్చ లాంటిది. అందుకే అలాంటి ప్రదర్శనల్లో గొలుసు ముందుగా ప్రేక్షకుల చేతికి వెళ్లేది. ఒక రకంగా అది ఆ కాలపు డోపింగ్ పరీక్ష. పరికరాన్ని పరీక్షించేవారు, ఒంటిని కాదు. 1942లో ఆయన పోయాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది.

విజయనగరం పేరు చెబితే బయటివాళ్లకు ముందు గుర్తొచ్చే ఆటగాడు విజ్జీ, అంటే రాజవంశీకుడు విజయానంద గజపతి, 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టు కెప్టెన్. ఎదుటి కెప్టెన్‌కు బంగారు గడియారం కానుకిచ్చి తేలిక బంతులు వేయించుకున్నాడన్న కథ ఆయన వెంట ఇప్పటికీ తిరుగుతోంది. నిజమెంతో గానీ, జిల్లా క్రీడా చరిత్రలో పరుగులైనా బరువులైనా అనుమానం పాలు పడకుండా ఉండలేదని దానివల్ల తెలుస్తుంది. క్రికెట్ కోట లోపల ఉండిపోయింది. తాలింఖానా, సంగిడి రాయి పేటల్లో ఉండిపోయాయి. అక్కడి నుంచే బార్‌బెల్ వచ్చింది.

అడవి వైపు చూస్తే డోపింగ్ చరిత్రకు ఇంకో చివర కనిపిస్తుంది. ఈ తూర్పు కనుమల్లో ముష్టి చెట్టు పెరుగుతుంది. దాని గింజలు గిరిజనులు ఏరుకొస్తే గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో చేరతాయి. ముష్టి గింజలోని విషం స్ట్రిక్నైన్. కొంచెం పడితే నరాలు జివ్వుమంటాయి, ఇంకొంచెం పడితే ఒళ్లు విల్లులా వంగి ప్రాణం పోతుంది. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఒలింపిక్ మారథాన్‌లో థామస్ హిక్స్‌కు ఆయన సహాయకులు దారిలో ఇచ్చింది దీన్నే, గుడ్డు తెల్లసొనలో కలిపి, పైన బ్రాందీతో. ముందుగా గీత దాటిన ఫ్రెడ్ లార్జ్ దారిలో కొంత దూరం మోటారు కారెక్కాడని తేలడంతో అతణ్ని తోసేశారు. తూలుతూ, ఇద్దరు పట్టుకుంటే నడిచినట్టుగా వచ్చిన హిక్స్ 3 గంటల 28 నిమిషాల 53 సెకన్లకు విజేత అయ్యాడు. నిషేధం అనే మాటే అప్పటికి లేదు. ఒలింపిక్స్‌లో డోపింగ్ పరీక్షలు మొదలైంది 1968లో. స్ట్రిక్నైన్ మాత్రం దాదాపు శతాబ్దం గడిచినా భారత లిఫ్టర్లను వదల్లేదు. 2001లో కుంజరాణి దేవి, 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో సతీశ రాయ్ దాంతోనే పట్టుబడ్డారు. రాయ్ పతకాలు తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది.

శ్రీకాకుళం జిల్లా నుంచి ఈ చరిత్రలోకి అడుగుపెట్టిన పెద్ద పేరు కరణం మల్లీశ్వరి. ఆమదాలవలస దగ్గర వూసవానిపేట. తండ్రి మనోహర్ రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్.  కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర అక్కచెల్లెళ్లు బార్‌బెల్ పట్టారు. బక్కగా ఉన్నావు, నీ వల్ల కాదని మొదట్లో ఆమెను పక్కన పెట్టారనీ, తల్లి పట్టుబట్టి పంపిందనీ మల్లీశ్వరి పెద్దయ్యాక చాలాసార్లు చెప్పింది. 1994, 1995ల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 1993, 1996ల్లో కంచు.

ఆ తర్వాత ఆమె కథ జారుడుబల్ల ఎక్కిందని అందరూ అనుకున్నారు. 1997లో పెళ్లయింది. ఒళ్లు పెరిగింది. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల విభాగంలో రజతం తెచ్చినా, సిడ్నీ ఒలింపిక్స్‌కు 69 కిలోల విభాగంలో ఆమె పేరు పెట్టేసరికి దుమారం లేచింది. అయిదేళ్లలో 54 నుంచి 69కా? కుంజరాణిని కాదని ఈమెనా? సిడ్నీ చూడటానికి వెళ్తోందని కూడా రాశారు. మారథాన్‌లో ముప్పై దాటినవాళ్ల మీద పడే అనుమానం ఒక రకమైతే, పెళ్లయిన ఆడ లిఫ్టర్ మీద పడిన అనుమానం మరో రకం. ఆమె మందు తిందని కాదు, తిండి తిందని వాళ్ల ఫిర్యాదు.

2000 సెప్టెంబరు 19. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240. చివరి ప్రయత్నంలో 137.5 కోసం వెళ్లింది. అది నిలిచుంటే బంగారమే. నిలవలేదు. చైనాకు చెందిన లిన్ వైనింగ్, హంగరీ లిఫ్టర్ ఎర్జెబెట్ మార్కుష్ ఇద్దరూ 242.5 ఎత్తారు. రెండున్నర కిలోల తేడాతో మల్లీశ్వరికి కంచు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల.

అదే సిడ్నీలో ఆ ఇనుప వేదిక మీద ఇంకేం జరిగిందో మన పత్రికలు ఆ హడావిడిలో పెద్దగా పట్టించుకోలేదు. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌లో మొట్టమొదటి ఒలింపిక్ బంగారం, 48 కిలోల విభాగంలో, బల్గేరియాకు చెందిన ఇజబెల్లా ద్రాగ్నేవాది. దాన్ని ఫ్యూరోసెమైడ్ దొరికిందని లాగేసుకుని అమెరికా లిఫ్టర్ తారా నాట్‌కు ఇచ్చారు. బల్గేరియా మగ లిఫ్టర్లు ఇద్దరు కూడా అదే మందుతో దొరకడంతో ఆ జట్టు మొత్తాన్ని పోటీల్లోంచి తప్పించారు. ఈ ఫ్యూరోసెమైడ్ కూడా నీరు తోసే మందే. పన్నెండేళ్ల ముందు సోల్ ఒలింపిక్స్‌లోనూ బల్గేరియా లిఫ్టర్లు దాంతోనే పట్టుబడి జట్టు ఇంటిదారి పట్టింది. మారథాన్ వాళ్లను భయపెట్టిన ఇ.పి.ఓ. పరీక్ష కూడా ఒలింపిక్స్‌లో మొదటిసారి సిడ్నీలోనే వచ్చింది. ఇంత వల వేసిన చోట మల్లీశ్వరి నమూనా శుభ్రంగా బయటపడింది. తన మొత్తం కెరీర్‌లో ఆమె ఒక్కసారి కూడా డోపింగ్‌లో దొరకలేదు. తిండి తిని ఒళ్లు పెంచి విభాగం మారడం వెయిట్‌లిఫ్టింగ్‌లో తప్పు కాదు, తెలివి. 54 దగ్గర ఆకలితో ఎండగట్టుకున్న శరీరానికి 69 దగ్గర తిండి దొరికింది. ఆలస్యంగా వచ్చిన మెరుగుకు ఇంతకన్నా మామూలు కారణం ఇంకేం కావాలి?

సిడ్నీ కంచు దేశానికి ఆశ ఇచ్చింది. దాన్ని తర్వాతి పదేళ్లలో చాలావరకు మన వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్యే తినేసింది. 2004 ఏథెన్స్‌లో మల్లీశ్వరి వెన్నునొప్పితో పోటీ పూర్తి చేయలేకపోయింది. అదే జట్టులో 53 కిలోల విభాగంలో నాలుగో స్థానంలో వచ్చిన సనమాచా చాను ఫ్యూరోసెమైడ్‌తో, ప్రతిమా కుమారి టెస్టోస్టెరాన్‌తో దొరికారు. 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల ఏడాదే వరస కేసులతో అంతర్జాతీయ సమాఖ్య మన సమాఖ్యను వెలివేసింది. 2009లో ఆరుగురు లిఫ్టర్లు ఒక్కసారిగా పట్టుబడ్డారు. 5 లక్షల డాలర్ల జరిమానా పడింది. అది కట్టాకే 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో సొంత గడ్డ మీద మనవాళ్లు బరువు ఎత్తగలిగారు. ఆ కాలంలో క్యాంపులో ఉన్న ప్రతి అమ్మాయీ, మచ్చలేనిదైనా, అనుమానపు నీడలోనే నడిచింది. ఊళ్లో పెళ్లి సంబంధాల దాకా వెళ్లిన అపవాదు అది.

కొండవెలగాడ ఆ నీడలోనే లిఫ్టర్లను పెంచింది. నెల్లిమర్ల జూట్ మిల్లు సైరన్ వినపడే చుట్టుపక్కల పల్లెల్లో ఇదొకటి. ఇంటికొక లిఫ్టర్ ఉన్నారా అనిపించేంతగా ఆ ఊరికి బార్‌బెల్ అబ్బింది. కారణం మోజు కాదు, ఉద్యోగం. రైల్వే, సైన్యం, పోలీసు శాఖల్లో క్రీడా కోటా ఈ జిల్లాల కుర్రాళ్లకు వలస బస్సు ఎక్కకుండా ఆపే కొద్ది దారుల్లో ఒకటి. సంతోషి గ్లాస్గో దాకా వెళ్లింది ఆ దారినే. ఆమె రజతం విలువ రికార్డు పుస్తకంలో పూర్తిగా ఉంది. అయితే జులై 25 సాయంత్రం రెండో మెట్టు ఎక్కే క్షణం పుస్తకంలో రాయలేరు. డోపింగ్ దొంగిలించేది ముందు అదే. స్వాతి సింగ్‌కైతే మెట్టే లేదు.

పట్టుకునే పద్ధతి ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. లిఫ్టర్ వేదిక దిగగానే ఒక మనిషి కాగితంతో వచ్చి సంతకం తీసుకుంటారు. అప్పటి నుంచి నమూనా ఇచ్చేదాకా ఆ మనిషి చూపు దాటకూడదు. గదిలో సీలు వేసిన సీసాల్లోని నీళ్లే ఇస్తారు. మరుగుదొడ్డిలో చొక్కా ఛాతీ దాకా, చేతులు మోచేతుల దాకా ఎత్తి, అదే లింగానికి చెందిన అధికారి ఎదుటే మూత్రం పోయాలి. 90 మిల్లీలీటర్లు తప్పనిసరి. బరువు తూగడం కోసం రెండు రోజులు నీళ్లు మానుకున్న అమ్మాయికి ఆ 90 మిల్లీలీటర్లకు గంటలు పడతాయి. పట్టిన దాన్ని తన చేత్తోనే రెండు గాజు సీసాల్లో పోసుకోవాలి. ఒకటి ఎ, ఒకటి బి. మూత తిప్పుతుంటే టిక్ టిక్ మని పళ్లు పడతాయి, ఇక విరగ్గొడితే తప్ప రాదు. సీసా మీది అంకె, కాగితం మీది అంకె ఒకటేనా అని ఆటగాడే చూసుకోవాలి. సిగ్గూ నిద్రా కమ్ముకొచ్చే ఆ వేళ పల్లెటూరి పిల్లలు ఈ చివరి పనిని తేలిగ్గా తీసుకుంటారు.

ఆ అంకె ఎంత ముఖ్యమో మణిపూర్ లిఫ్టర్ సంజితా చాను కేసు చెబుతుంది. గ్లాస్గోలో సంతోషితో పాటు వెళ్లి 48 కిలోల్లో బంగారం తెచ్చిన అమ్మాయి. 2018 కామన్వెల్త్ క్రీడల్లోనూ 53 కిలోల్లో బంగారం గెలిచింది. 2017 నవంబరు నమూనాలో టెస్టోస్టెరాన్ ఉందని 2018లో ఆమెను ఆపేశారు. పంపిన కాగితాల్లో నమూనా అంకెలు ఒకదానితో ఒకటి కలవలేదు. రెండేళ్లు కొట్లాడాక 2020లో అంతర్జాతీయ సమాఖ్య కేసు మూసేసింది. కథ ఇక్కడే ఆగితే అన్యాయానికి గురైన అమాయకురాలి కథ అయ్యేది. 2022 జాతీయ క్రీడల్లో ఇచ్చిన నమూనాలో డ్రోస్టనలోన్ అనే నిషేధిత మందు దొరికి 2023లో నాలుగేళ్ల నిషేధం పడింది. మొదటి కేసులో ఆమెను నమ్మినవాళ్లు తప్పా, రెండో కేసు చూసి మొదటిదీ నిజమే అన్నవాళ్లు తప్పా? రెండోవాళ్లే తప్పు. ఒక్కో సీసాకు ఒక్కో తీర్పు. అంతకు మించి చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు అనుమానం సోకని చోటు, ఎచ్చెర్ల. శ్రీకాకుళం పట్నం పక్కన జాతీయ రహదారి మీది మండల కేంద్రం. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. పోలీసు మైదానం కూడా ఇక్కడే. కానిస్టేబుల్ ఎంపికల కాలంలో తెల్లారకముందే కుర్రాళ్లు బూట్లు చేతపట్టుకుని గేటు దగ్గర చేరతారు. 1600 మీటర్లు పరుగెత్తాలి. మగవాళ్లకు 8 నిమిషాలు, ఆడవాళ్లకు 10 నిమిషాల 30 సెకన్లు. తర్వాత 100 మీటర్లు, లాంగ్ జంప్. రెండోసారి, మూడోసారి వచ్చినవాళ్లూ ఉంటారు. పోయినసారి పది సెకన్లతో పోయిన కుర్రాడు ఈసారి గీత దాటాడంటే ఎవరూ సీసా పట్టుకురారు. ఏడాదంతా హైవే పక్కన పరుగెత్తాడని ఊరికి తెలుసు. ఒలింపిక్ చాంపియన్‌కు దక్కని నమ్మకం అది.

ఆ నమ్మకం నిలబడాలంటే జాగ్రత్త పడాల్సింది మందుల షాపు, ప్రొటీన్ డబ్బా దగ్గర. ఈ దేశం డోపింగ్ పరీక్షల్లో దొరికేవాళ్ల సంఖ్యలో కొన్నేళ్లుగా ప్రపంచంలోనే ముందుంటోంది. 2023లో 5,606 నమూనాలు పరీక్షిస్తే 213 చెడ్డవిగా తేలాయి. 2022 నుంచి దీనికి ప్రత్యేక చట్టమే ఉంది. నిబంధన కఠినం. ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే, ఎవరు ఇచ్చారన్నది తర్వాతి మాట. జిమ్‌లో అన్న ఇచ్చిన పొడి అయినా, నానమ్మ బీపీ మాత్ర అయినా ఒకటే లెక్క. కాబట్టి ఈ జిల్లాల్లో బార్‌బెల్ పట్టే పిల్లలకూ, స్పోర్ట్స్ కోటా కోసం పరుగెత్తే పిల్లలకూ, వాళ్ల తల్లిదండ్రులకూ ఒక మాట. మాత్ర మింగే ముందు దాని మీది రసాయనం పేరు చదవండి. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ జాబితాలో వెతకండి. పేరు తెలియని పొడి డబ్బాను అంగట్లోనే వదిలేయండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మొదటి మాటగా ఆటగాడినని చెప్పండి.